ఓబులేసు ఊరికే లారీ ఎక్కలేదు

ఫోన్ మోగని పొద్దు

నల్లకోటు బీరువాలో పెట్టి తాళం వేసిన మర్నాడు తెల్లవారుజామున ఫజర్ నమాజు చేసుకుని మళ్ళీ ముసుగుతన్ని పడుకున్నాను. ఎండ కిటికీలోకి వచ్చేదాకా లేవలేదు. మా ఆవిడ వచ్చి నుదుటి మీద చెయ్యి పెట్టి, "జ్వరమేమన్నా తగిలిందా?" అంది. "లేదు, ఫోన్ మోగలేదు, అంతే" అన్నాను. ఆమె నవ్వి, టీ అక్కడికే తెచ్చి ఇచ్చింది. ఆ టీ ఎంత బాగుందో చెప్పలేను.

నేను లారీ యాక్సిడెంట్ల లాయర్ని. బోర్డు మీద ఇంకా చాలా రాసుకున్నాను గానీ, జనం నన్ను పిలిచింది ఆ పేరుతోనే. "ఖాదర్ సార్ అంటే ఎవురు?" "అదేప్పా, లారీ గుద్దితే పోతాం చూడు, ఆ లాయరు." బెంగళూరు హైవే మీద ఎక్కడ లారీ తిరగబడినా, ఎక్కడ ట్రైలర్ బండి ఎవరినన్నా తొక్కినా, తెల్లారకముందే మా ఇంట్లో ఫోన్ మోగేది. అవతల ఏడుపు వినిపించేది, మాట తర్వాత వచ్చేది. ఇంత వయసు వచ్చినా ఆ ఏడుపు నాకు అలవాటు కాలేదు. ఇకమీదట ఆ ఫోన్లు మా జూనియర్ శిరీష ఎత్తుతుంది. అందుకు నాకు గుండెల మీంచి బండ దించినట్టుంది, దాచుకోవడం ఎందుకు.

ఆ పిల్లే అడిగింది, "సార్, మీకు తెలిసింది కాస్త రాసివ్వండి, కొత్తగా వచ్చేవాళ్ళకు పనికొస్తుంది" అని. సెక్షన్లు పుస్తకాల్లో ఉన్నాయి, చదువుకోండి. పుస్తకాల్లో లేనివి కొన్ని రాస్తాను.

ముందు అడగాల్సింది

మా సీనియర్ సుబ్బన్న గారు పొడుం పీల్చేవారు, తిట్టేవారు, మధ్యాహ్నం భోజనం పెట్టి మళ్ళీ తిట్టేవారు. నేను చేరిన కొత్తలో యాక్సిడెంట్ కేసు అనగానే తప్పెవరిది అని అడిగేవాడిని. ఆయన ముక్కు తుడుచుకుని, "తప్పెవురిదో తర్వాత చూస్తాంలే. ముందు బండి యాడుండాదో, దానికి ఇన్సూరెన్సు ఉండాదో లేదో కనుక్కోపో" అనేవారు.

అప్పుడు నాకది రాతిగుండె మాటగా తోచింది. తర్వాత అర్థమైంది. చట్టం చెప్పేది ఇంతే. డ్రైవర్ తప్పు చేస్తే దానికి ఓనరు బాధ్యుడు. ఓనరు తరఫున ఇన్సూరెన్సు కంపెనీ పరిహారం కడుతుంది. డ్రైవర్ జేబులో ఏమీ ఉండదు. ఒకే లారీ ఉన్న ఓనరు దగ్గరా ఉండదు, ఆ లారీ కూడా అప్పుదే. కంపెనీ తప్పించుకుంటే మన చేతికి వచ్చిన తీర్పు నాలిక గీసుకోవడానికి కూడా పనికిరాదు. కాబట్టి ఈ వృత్తిలో యుద్ధమంతా కంపెనీ తప్పించుకోకుండా చూడటమే.

ట్రైలర్ బండ్ల విషయంలో ఇంకో మెలిక ఉంది. ముందు లాగే బండికి ఒక నంబరు, వెనక సామాను మోసే దానికి ఇంకో నంబరు ఉంటుంది. రెండింటికీ పాలసీలు వేరుగా ఉండొచ్చు. జనం వెనక నంబరే చూస్తారు. మీరు రెండూ రాసుకోండి. ఎండలో రోడ్డు పక్కన నిలబడి రాసుకోండి, ఆఫీసులో ఫ్యాను కింద కూర్చుంటే దొరకవు.

పాపం అనే మాట

మన పక్క కేసులు అబద్ధాల వల్ల పోయినవి తక్కువ. జాలి వల్ల, మర్యాద వల్ల పోయినవే ఎక్కువ.

మడకశిర దగ్గర ఒక పెద్దాయన కొడుకుని సైకిల్ మీద పోతుంటే లారీ కొట్టింది. కాలు పోయింది. ఊరి వాళ్ళు డ్రైవర్ని పట్టుకుని, ముందు ఒక చెంపదెబ్బ కొట్టి, తర్వాత నీళ్ళిచ్చి, ముద్ద పెట్టి కూర్చోబెట్టారు. ఆ డ్రైవర్ చిన్నవాడు, వెక్కివెక్కి ఏడ్చాడు. పోలీసులు వచ్చి అడిగితే ఈ పెద్దాయన, "మావాడే అడ్డం పోయినాడు సార్, ఈ పిల్లోడి తప్పేమీ లేదు" అని వేలిముద్ర వేశాడు. నా దగ్గరికి వచ్చినప్పుడు, "ఎందుకట్ల చెప్పినావు నాయనా?" అని తల పట్టుకున్నాను.

"పాపం సార్. దుడ్లు వాడు యాడ తెస్తాడు?"

"వాడు తెచ్చేది లేదు నాయనా, కంపెనీ కడతాది."

"ఆ మాట ఆ పొద్దు ఎవురూ చెప్పల్యా."

ఆ కేసు ఓడిపోయాం. అందుకే చెబుతున్నా, మన ఊళ్ళకు పోయినప్పుడల్లా ఈ ఒక్క ముక్క చెప్పి రండి. డ్రైవర్ మీద పెట్టే పోలీసు కేసు వేరు, దెబ్బ తిన్నవాళ్ళకు వచ్చే పరిహారం వేరు. జాలిపడండి, అన్నం పెట్టండి, జరిగింది మాత్రం జరిగినట్టే చెప్పండి.

ఇంకో మాట కూడా ఇక్కడే అనేస్తాను. ఆసుపత్రి గేటు దగ్గర కాపు కాసి, శవం బయటికి రాకముందే వకాల్తా మీద వేలిముద్ర వేయించుకునేవాళ్ళు మనలో ఉన్నారు. వాళ్ళను నేను లాయర్లు అనను. వాళ్ళతో కలిసి టీ కూడా తాగలేదు. మీరూ తాగకండి.

అంజనమ్మ

ఇక నేను చెప్పదలచుకున్న కేసుకు వస్తాను.

ముదిగుబ్బ దగ్గర పల్లె. ఓబులేసు గొర్రెలు మేపేవాడు, అంజనమ్మ అతని పెళ్ళాం. ఇద్దరు పిల్లలు హాస్టల్లో ఉండి చదువుకుంటున్నారు. ఒక చలికాలం పొద్దున ఓబులేసు గొర్రెలు ఎక్కించిన లారీలో, డ్రైవర్ పక్కన కూర్చుని బెంగళూరు వైపు పోతున్నాడు. చిలమత్తూరు పక్క రోడ్డు మీద ఇనుప కడ్డీలు వేసుకున్న ట్రైలర్ బండి ఒకటి లైట్లు లేకుండా నిలబడి ఉంది. మంచులో కనబడలేదు. లారీ పోయి వెనక నుంచి గుద్దుకుంది. ఓబులేసు అక్కడికక్కడే పోయాడు. జనం చేరి, కిందపడిన వాళ్ళను చూసుకునేలోపల ట్రైలర్ వాడు బండి తీసుకుని వెళ్ళిపోయాడు. నంబరు ఎవరూ చూడలేదు. పోలీసులు వెతికారు, నేనూ టోల్ గేట్ల చుట్టూ తిరిగాను, దొరకలేదు.

ఇక మిగిలింది గొర్రెల లారీ, దాని ఇన్సూరెన్సు కంపెనీ. మంచులో చూసుకోకుండా తోలినందుకు ఆ లారీ డ్రైవర్ తప్పూ ఉంది. కంపెనీ వాళ్ళ వాదన ఒక్కటే. సరుకు లారీలో ఊరికే ఎక్కిన మనిషికి మేము బాధ్యులం కాదు. అది చట్టం ప్రకారం నిజమే. కానీ సరుకు యజమాని గానీ, యజమాని పంపిన మనిషి గానీ సరుకుతో పాటు పోతుంటే బాధ్యత ఉంది. కాబట్టి కేసంతా ఒక ప్రశ్న మీదికి వచ్చి నిలబడింది. ఆ గొర్రెలు ఎవరివి?

అంజనమ్మ మొదటిరోజే నాతో, "సార్, ఈడ కాకపోతే పిల్లోళ్ళను బడి మాన్పించి బెంగళూరు కట్టడాల పనికి తోలుకుపోతా. మా అత్తకు కండ్లు కనపడవు, ఆమెను యాడ పెట్టేది తెలీదు" అంది. ఏడవలేదు. అంత తేటగా లెక్క చెప్పినవాళ్ళను చూస్తే నాకు భయం వేస్తుంది.

పాలు

కంపెనీ తరఫు లాయరు నాకు మిత్రుడే, చెడ్డవాడు కాదు. బోనులో ఉన్న అంజనమ్మను మెల్లగా అడిగాడు.

"ఆ గొర్రెలు మీవేనామ్మా?"

"మావెట్లయితాయి సార్? రెడ్డివి. మేము పాలుకు మేపుతాండాం."

నా ప్రాణం ఉసూరుమంది. మన పల్లెల్లో తల్లిగొర్రెలు ఒకరివి ఉంటాయి, మేపేది ఇంకొకరు. ఈనిన పిల్లల్ని చెరిసగం పంచుకుంటారు. అదే పాలుకు మేపడం. సగం తమదే అయినా మంద మొత్తాన్నీ "రెడ్డి గొర్రెలు" అనే అంటారు. అది మర్యాద. పెద్దమనిషి ఎదురుగా లేకపోయినా "మావి" అనడానికి నోరు రాదు.

జడ్జి గారు గోదావరి పక్క నుంచి వచ్చినామె. మంచి మనిషి, ఓపికగా వినేది. ఆమె చెవికి అది పాలకు మేపడం అని వినబడింది. గొర్రెలు రెడ్డి గారివి, సాక్షి భర్త వాటిని పాల కోసం మేపేవాడు అని టైపు చేయించింది. నేను లేచి, "మేడం, పాలు అంటే ఇక్కడ వాటా" అన్నాను. మిత్రుడు కూడా లేచాడు. "సాక్షి ఆ మాట అనలేదు. లాయరు గారు అర్థాలు చెబితే అది సాక్ష్యం కాదు."

జడ్జి గారు, "ఆయన అన్నది నిజమేనండి. మీరు చెబితే నేను రాసుకోలేను. ఆ పద్ధతి తెలిసినవాళ్ళను, ఆ గొర్రెల యజమానిని పిలిపించండి" అంది.

ఒక్క కొమ్ము తేడా. పాలుకు, పాలకు. బయట వేపచెట్టు కింద అంజనమ్మ, "ఏమన్నా తప్పు మాట్లాడినానా సార్?" అని అడిగింది. "లేదమ్మా, నువ్వు సరిగ్గానే చెప్పినావు" అన్నాను. ఆమె తప్పు లేదు మరి.

కొండారెడ్డి

ఆ రెడ్డి పేరు కొండారెడ్డి. ఒకసారి సర్పంచుగా చేశాడు. అతని దగ్గరికి నేనే వెళ్ళాను. అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించాడు. ఇంటి వెనక దొడ్డిలో మంద అరుస్తోంది. ఓబులేసు పోయిన వారంలోనే, మేపేవాడు లేడు గదా అని మందనంతా తన దొడ్డికి తోలించుకున్నాడు. అందులో సగం పిల్లలు అంజనమ్మవని ఊరందరికీ తెలుసు. ఆ మాట ఎవరూ ఎత్తలేదు, ఆమె కూడా ఎత్తలేదు.

"ఏమప్పా ఖాదరూ, నన్ను బోనెక్కిస్తావంట?"

"సాక్షిగానే రెడ్డీ. ఉన్నదున్నట్టు చెప్పు, సాలు."

"చెప్పేదానికేముండాది? నేనే పంపినా అంటే కేసు నా మెడకు చుట్టుకుంటాది. పాలు అంటే, దొడ్లో ఉండేటియి సగం ఇడిసిపెట్టమంటారు. నేను ఏదీ మాట్లాడను."

"నీ మెడకు ఏమీ చుట్టుకోదు. కట్టేది కంపెనీ."

"లాయర్లు చెప్పేది అట్లే ఉంటాది" అని నవ్వాడు. మజ్జిగ మాత్రం ఇంకో గ్లాసు పోయించాడు.

సమన్లు ఇప్పించాను. సమన్లు మనిషిని కోర్టుకు తెస్తాయి, నిజాన్ని తేవు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కూర్చుని, ఈ కేసు పోయింది అనే అనుకున్నాను. అంజనమ్మకు ఏం చెప్పాలో దారి పొడుగునా వెతుక్కున్నాను.

బోనులో

కొండారెడ్డి తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకుని వచ్చాడు. అంజనమ్మ వెనక బెంచీ మీద కూర్చుని ఉంది. అతను ఆమె వైపు చూడలేదు.

"ఆ గొర్రెలు ఎవరివి?" అని అడిగాను.

"నావి."

"ఓబులేసు ఏం చేసేవాడు?"

"మేపేటోడు."

"ఏ పద్ధతిలో?"

"ఊర్లో ఉండే పద్ధతే."

ఎటు పట్టుకున్నా జారిపోతున్నాడు. అప్పుడు జడ్జి గారే కలగజేసుకుంది. "రెడ్డి గారూ, ఆ గొర్రెల పాలు ఎవరు పిండుకునేవారండీ?"

కొండారెడ్డి బిత్తరపోయాడు. "గొర్రె పాలా? గొర్రె పాలు ఎవురు పిండుతారు మేడం మా పక్క? పిల్లలు తాగితే మిగిలేదేముండాది?"

హాలంతా నవ్వింది. జడ్జి గారు కూడా నవ్వు ఆపుకోలేకపోయింది. "మరి పాలు అంటే?"

"పాలంటే పాలే మేడం. తల్లులు ఒకరివి, మేపేది ఒకరు, ఈనిన పిల్లలు సగం సగం. రోగమొచ్చి సచ్చినా ఇద్దరికీ పోయినట్టే. ఇది సంటిపిల్లోనికైనా తెలుసు." అలా గడగడా చెప్పి, చెప్పినదేమిటో తెలిసి ఠక్కున ఆగాడు. నేను వెంటనే, "ఆ రోజు లారీలో ఎక్కించినవి?" అన్నాను. చొక్కా చేతులు సర్దుకున్నాడు. రెండోసారి అడిగాను. "గ్యాపకం లేదు" అన్నాడు.

నేను కూర్చున్నాను. సగం దూరం వచ్చి ఆగిపోయాం. పద్ధతి ఏమిటో తెలిసింది గానీ, ఆ రోజు ఆ లారీలో ఓబులేసు ఎందుకు ఉన్నాడో తేలలేదు.

మిత్రుడు లేచాడు. అతను అక్కడ ఊరుకుని ఉంటే గెలిచేవాడు. ఎదురుగా ఉన్న సాక్షి మనకు కావలసినంత ఇచ్చాక ఇంకా తవ్వకూడదు, ఈ పాఠం మాత్రం మీరందరూ రాసి పెట్టుకోండి. అతను ఫైలు చూసుకుంటూ, "రెడ్డి గారూ, ఆ రోజు ఓబులేసును మీరు పంపలేదు. మీకు చెప్పకుండా, మీ గొర్రెల్ని అమ్ముకోవడానికి లారీ ఎక్కించుకుని పోయాడు. అవునా?" అన్నాడు.

కొండారెడ్డి ముఖం ఎర్రబడింది.

"నోరు సంబాళించుకో లాయరూ! ఎవుర్ని దొంగంటాండావు? ఓబులేసు దొంగా? వాళ్ళ నాయన మా నాయన గొర్రెలు మేపినాడు. ఇన్నేండ్లలో ఒక పిల్ల లెక్క తప్పల్యా. ఆ పొద్దు లారీకి ఎక్కించినేటియి పొట్టేలు పిల్లలు. సగం వానివి, సగం నావి. నా చేత్తో నేనే ఎక్కించినా. అమ్ముకోని రాపోరా అని నేనే పంపినా. యాడాదికోసారి అట్లే పోతాడు వాడు. సచ్చినోని మీద దొంగతనం పెడతారా మీరు?"

జడ్జి గారు మెల్లగా, ఒక్కొక్క ముక్కా మళ్ళీ అడిగి టైపు చేయించింది. సగం అతనివి. నేనే ఎక్కించాను. నేనే పంపాను. మిత్రుడు ఫైలు మూసి నా వైపు చూశాడు. ఆ చూపులో కోపం కన్నా భారం వదిలిపోయిందన్న భావమే ఎక్కువ ఉందని నాకు అనిపించింది. తర్వాత టీ దగ్గర అతనే ఒప్పుకున్నాడు. నేనైతే ఇంకేమీ అడగలేదు. కూర్చున్నచోటి నుంచే, "ప్రశ్నలు లేవు మేడం" అన్నాను. అల్లాకు ఎన్నిసార్లు షుక్రియా చెప్పుకున్నానో నాకే తెలియదు.

బయటికి వచ్చాక కొండారెడ్డి చెమట తుడుచుకుంటూ అంజనమ్మ ముందర నిలబడ్డాడు.

"నీ పాలు పిల్లల్ని తోలుకోనిపోమ్మా. ఇయ్యాలనే అనుకుంటాంటి. ఎవురూ అడగల్యా."

"అడిగితే ఇస్తావని ఎట్ల తెలిసేది రెడ్డీ?" అంది అంజనమ్మ.

అతను నా వైపు తిరిగి, "ఏమప్పా, ఇప్పుడు నా మెడకేమీ రాదు గదా?" అన్నాడు. రాదని నా తల మీద ఒట్టు పెట్టుకుని చెప్పాను. అప్పుడు నమ్మాడు. ఆ వారంలోనే పిల్లల్ని తోలించాడు. ఒకటి ఎక్కువే తోలించాడని అంజనమ్మ చెప్పింది.

కొండారెడ్డి మంచివాడా చెడ్డవాడా అని శిరీష నన్ను అడిగింది. నాకు తెలియదు. ఆస్తి దగ్గర నోరు మూసుకున్నాడు, మాట పడేసరికి నోరు తెరిచాడు. మన సాక్షుల్లో చాలామంది ఇలాంటివాళ్ళే. వాళ్ళ మీద తీర్పు చెప్పడం మన పని కాదు. వాళ్ళకు ఏది ముల్లులా గుచ్చుకుంటుందో తెలుసుకోవడం మన పని. ఆ రోజు అది నాకు తెలిసి జరగలేదు, నా అదృష్టం కొద్దీ జరిగింది. దాన్ని తెలివి అని చెప్పుకోలేను.

తీర్పు

తీర్పు రోజు అంజనమ్మ ఒక్కతే వచ్చింది. కంపెనీయే పరిహారం కట్టాలని జడ్జి గారు చెప్పింది. పిల్లల భాగం వాళ్ళు పెద్దయ్యేదాకా బ్యాంకులో వేయాలని, ఆమె భాగం ఆమె చేతికి ఇవ్వాలని కూడా చెప్పింది. బయటికి వచ్చి నేను ఆ మాటలన్నీ మెల్లగా విడమరిచి చెప్పాను. పిల్లలు బడి మానక్కర్లేదు, అత్తను వదిలిపెట్టి ఎక్కడికీ పోనక్కర్లేదు అన్నాను.

మామూలుగా జనం అప్పుడు ఎంత వస్తుందని అడుగుతారు, ఎప్పుడు వస్తుందని అడుగుతారు. అడగాలి కూడా. అంజనమ్మ ఆ రెండూ అడగలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, నా చేతిలోని తీర్పు వైపు వేలు చూపించింది.

"సార్, ఆ కాయితంలో ఆయప్పను ఏమని రాసినారు?"

నేను తీర్పు తిప్పి ఆ వాక్యం వెతికి చదివాను. ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగులో చెప్పాను. "మరణించిన ఓబులేసు, లారీలో ఉన్న గొర్రెలకు యజమాని."

"ఇంగోసారి చెప్పు సార్."

చెప్పాను.

"ఉన్నెన్ని దినాలూ ఎవురూ అనల్యా సార్ ఆయప్పను ఆ మాట" అంది. అని, నేను ఆ కేసు పట్టినప్పటి నుంచి మొదటిసారి, వెక్కివెక్కి ఏడ్చింది.